ఓపల్ అశుభమా? అక్టోబర్‌లో పుట్టిన పాపకి ఏ రాయి?

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు దగ్గర ఊరు. పెళ్లయ్యాక చెన్నై వచ్చేశాం, వేళచ్చేరిలో ఉంటున్నాం. మా పాప పోయినేడు అక్టోబర్‌లో, మధ్యాహ్నం ఒంటిగంటకి పుట్టింది. ఆ రోజు ఉరుములు, మెరుపులు, ఒకటే వాన. రోహిణి నక్షత్రం, మకర లగ్నం. మొదటి పుట్టినరోజుకి దాని జన్మరత్నంతో ఏదైనా చేయిద్దామని నలభై వేలు దాచుకున్నాను. టీ నగర్‌లో ఒక షాపులో అడిగితే అక్టోబర్‌కి ఓపల్ అన్నారు. మా అత్తయ్య ఓపల్ అశుభం, ఇంట్లోకి తేవద్దంటున్నారు. అమ్మేమో రోహిణికి ముత్యమే వెయ్యాలంటుంది. జాతకం చూసినాయన నీలం చెప్పారు, మంచిది లక్షకి తక్కువ రాదట, కావాలంటే ఈఎంఐలో ఇప్పిస్తానన్నారు. తప్పు రాయి వేస్తే పాపకి ఏమన్నా అవుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంకో మాట, నేను సెప్టెంబర్‌లో పుట్టాను. నాకు చిన్నప్పటి నుంచి నీలం అంటే ఇష్టం, అమ్మ ఎప్పుడూ పెట్టుకోనివ్వలేదు. ఇప్పుడు పెట్టుకోవచ్చా?

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు నీ నిద్ర సంగతి. తప్పు రాయి వేస్తే పాపకి ఏమీ కాదమ్మా. ముత్యం వేసినా, ఓపల్ వేసినా, ఏమీ వేయకపోయినా పాప ఆరోగ్యం, చదువు రాయిని బట్టి ఉండవు. ఏడాది పిల్లకి రాయి వల్ల నిజంగా వచ్చే ప్రమాదం ఒక్కటే, అది ఊడొచ్చి నోట్లోకి, అక్కడి నుంచి గొంతులోకి పోవడం. ఆ విషయం తర్వాత చెబుతాను, ఈ రాత్రికి మాత్రం నిశ్చింతగా పడుకో.

ఒక్క పిల్లకి ఇన్ని రాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే నీ భయం సగం తగ్గుతుంది. షాపువాళ్ల లెక్క వేరు, మీ అమ్మ లెక్క వేరు, జాతకం చూసినాయన లెక్క వేరు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి పట్టిక వాళ్లు చూసి చెప్పారు.

షాపువాళ్ల దగ్గరున్న నెలల పట్టిక మనది కాదు. దాని మూలం బైబిల్‌లో ఉంది. మోషే అన్న అహరోను ప్రధాన యాజకుడు, ఆయన గుండెల మీద ధరించే పతకంలో నాలుగు వరసల్లో పన్నెండు రాళ్లు పొదిగారని నిర్గమకాండం చెబుతుంది. ఆ రాళ్లు ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకి గుర్తు. తర్వాత ఒకటో శతాబ్దంలో జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడు ఆ పన్నెండింటిని పన్నెండు నెలలతో, పన్నెండు రాశులతో కలిపి చెప్పాడు. అలా కలిపాక కూడా చాలాకాలం నెలకో రాయి చొప్పున పన్నెండూ మార్చి మార్చి పెట్టుకోవాలనే అనుకున్నారు తప్ప, పుట్టిన నెల రాయినే జీవితాంతం పెట్టుకోవడం అనే అలవాటు యూరప్‌లో చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు షాపుల్లో చూపించే పట్టికనైతే 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం కూర్చుని ఖాయం చేసింది. ఏ నెలకి ఏ రాయి అని ఊరికో రకంగా చెబుతుంటే వ్యాపారానికి ఇబ్బందిగా ఉందని అందరూ ఒకే పట్టిక పెట్టుకున్నారు. 1952లో దాన్ని కాస్త మార్చారు. డిసెంబర్‌కి టాంజనైట్‌ని 2002లో చేర్చారు, ఆ రాయి టాంజానియాలో దొరికిందే 1967లో! ఆగస్టుకి స్పినెల్‌ని చేర్చింది 2016లో. అంటే ఆగస్టులో పుట్టిన మా పెద్దమ్మాయికి మొన్నమొన్నటిదాకా లేని జన్మరత్నం ఒకటి దాని పెళ్లయ్యాక వచ్చింది. కాబట్టి దీన్ని ఒక ముచ్చటైన ఆచారంగా తీసుకో, అంతే. నిజంగా ముచ్చటైనదే, పుట్టిన నెలకి ఒక రంగు ఉండటం నాకూ ఇష్టమే.

మీ అమ్మ చెప్పింది మన నవరత్నాల లెక్క. అందులో నెలలు లేవు, గ్రహాలే ఉన్నాయి. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకి పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం. రోహిణికి అధిపతి చంద్రుడు, అందుకని మీ అమ్మ ముత్యం అంది. అదే రోహిణి ఉండేది వృషభ రాశిలో, ఆ రాశికి అధిపతి శుక్రుడు, కాబట్టి రాశిని బట్టి చూసేవాళ్లయితే వజ్రం అంటారు. పాపది మకర లగ్నం, లగ్నాధిపతి శని, అందుకని జాతకం చూసినాయన నీలం అన్నారు. చూశావా, పట్టిక ఒకటే అయినా నక్షత్రం పట్టుకుంటే ఒక రాయి, రాశి పట్టుకుంటే ఇంకోటి, లగ్నం పట్టుకుంటే మరోటి. నువ్వు ఇంకో ఇద్దరిని అడిగి ఉంటే ఇంకో రెండు రాళ్లు వచ్చేవి.

ఈ రత్నాల వెనక మనవాళ్ల కథ ఒకటుంది, గరుడ పురాణంలోది, పాపకి కాస్త ఊహ తెలిశాక తప్పకుండా చెప్పు. బలుడనే అసురుడు ఇంద్రుణ్ణి కూడా గెలిచాడు. దేవతలు యజ్ఞపశువుగా నీ శరీరం ఇమ్మని అడిగితే మాట తప్పకుండా ఇచ్చేశాడు. అతని నెత్తురు కెంపులైంది, పళ్లు ముత్యాలయ్యాయి, కళ్లు నీలాలయ్యాయి, ఎముకలు వజ్రాలయ్యాయి, చర్మం పుష్యరాగమైంది. పిత్తాన్ని వాసుకి ఎత్తుకుపోతుంటే గరుత్మంతుడు అడ్డుపడ్డాడు, అది జారి కొండల్లో పడి పచ్చ అయింది, అందుకే పచ్చకి గారుత్మతం అని పేరు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నాల గురించి చెబుతూ, ఇవి బలాసురుడి నుంచి పుట్టాయని కొందరు, దధీచి నుంచి పుట్టాయని కొందరు అంటారు, భూమి స్వభావం వల్లే రాళ్లలో ఈ వైచిత్రి వచ్చిందని ఇంకొందరు అంటారు అని మూడూ పక్కపక్కన పెట్టాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట మనవాళ్లు కథనీ, భూమి స్వభావాన్నీ ఒకే శ్లోకంలో చెప్పగలిగారంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో. ఆ శ్లోకంలో రాళ్లకి వాడిన మాట ‘ఉపల’. అది గుర్తుపెట్టుకో, ఇప్పుడే పనికొస్తుంది.

ఎందుకంటే ఓపల్ అనే పేరు ఆ ఉపల నుంచే వచ్చిందంటారు. సంస్కృతం నుంచి గ్రీకుకి, అక్కడి నుంచి లాటిన్‌కి, అక్కడి నుంచి ఇంగ్లీషుకి పోయి, మళ్లీ టీ నగర్ షాపులో నీ ముందుకొచ్చింది. పాత రోమ్‌లో ఓపల్‌ని నెత్తిన పెట్టుకున్నారు. కెంపులోని నిప్పు, పచ్చలోని ఆకుపచ్చ, అమెథిస్ట్‌లోని ఊదా అన్నీ ఈ ఒక్క రాయిలో మెరుస్తాయని ఒకటో శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. ఆయనే చెప్పిన ఇంకో సంగతి, నోనియస్ అనే సెనేటర్ దగ్గర ఒక మంచి ఓపల్ ఉంగరం ఉండేది, దాని మీద రోమ్‌ని ఏలినవాళ్లలో ఒకడైన మార్క్ ఆంటోనీ కన్నుపడింది. ఉంగరం ఇవ్వడం కంటే దేశం విడిచిపోవడమే నయమనుకుని నోనియస్ ఆస్తంతా వదిలేసి ఆ ఒక్క ఉంగరంతో వెళ్లిపోయాడట. ఉరుముల వానలో మెరుపుతో పాటు ఆకాశం నుంచి రాలిన రాయి ఓపల్ అని అరబ్బుల్లో ఒక కథ ఉంది, అందుకే దానిలో మెరుపులుంటాయట. మీ పాప పుట్టినరోజు వాన గురించి నువ్వు రాసిన వాక్యం చదవగానే నాకు ఈ కథే గుర్తొచ్చింది.

మరి అశుభం అన్న మాట ఎక్కడిది? అది మీ అత్తగారిది కాదు, మన శాస్త్రానిదీ కాదు. నవగ్రహాలకి చెప్పిన తొమ్మిది రత్నాల్లో ఓపల్ లేనే లేదు, ఈ మధ్యకాలంలో మన దగ్గర వజ్రం కొనలేనివాళ్లకి శుక్రుడి ఉపరత్నంగా దీన్ని ఇస్తున్నారు కూడా. ఆ భయం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1829లో వాల్టర్ స్కాట్ రాసిన ఒక నవలలో ఒకావిడ తలలో ఓపల్ పెట్టుకుంటుంది, దాని మీద పవిత్రజలం చుక్క పడగానే రాయి వెలవెలబోతుంది, ఆ తర్వాత ఆవిడ కూడా ఉండదు. ఆ నవల చదివిన జనం ఓపల్ కొనడానికి భయపడ్డారని, ధర పడిపోయిందని చెబుతారు. దానికి తోడు ఓపల్ సున్నితమైన రాయి, చెక్కేటప్పుడు, పొదిగేటప్పుడు పగిలేది, నష్టపోయిన పనివాళ్లు దాన్ని తిట్టుకునేవారు. అక్టోబర్‌లో పుట్టనివాళ్లు పెట్టుకుంటే కీడు అన్నమాట కూడా అక్కడిదే, ఆ మాట ప్రకారం చూసినా మీ పాపకి దోషం లేదు! విక్టోరియా రాణి ఇవేమీ పట్టించుకోలేదు. తను ఓపల్స్ పెట్టుకుంది, కూతుళ్లకీ ఇచ్చింది. మీ అత్తగారితో వాదన పెట్టుకోకుండా ఈ నవల సంగతి ఒకసారి చెప్పి చూడు. ఆవిడ భయం పాప మీద ప్రేమతోనే కదా, ఇది మన పెద్దలు చెప్పింది కాదని తెలిస్తే మెత్తబడవచ్చు.

అయినా ఒప్పుకోకపోతే గొడవ వద్దు, అక్టోబర్‌కి ఇంకో రాయి కూడా ఉంది, టూర్మలిన్. శ్రీలంకలో తోరమల్లి అంటారు, ఆ సింహళ మాట నుంచే ఇంగ్లీషు పేరు వచ్చింది. గులాబి, ఆకుపచ్చ, ఒకే రాయిలో రెండు రంగులు కూడా ఉంటాయి. దీన్ని వేడిచేస్తే కరెంటు పుట్టి బూడిదని, చిన్న చిన్న కాగితం ముక్కల్ని లాక్కుంటుంది. పూర్వం డచ్చివాళ్లు పొగతాగే గొట్టాల్లోంచి బూడిద లాగడానికి దీన్ని వాడి, బూడిద లాగే రాయి అని పేరు పెట్టారు. పాప పెద్దదయ్యాక దీని గురించి చెబితే కళ్లింతలు చేసుకుని వింటుంది. ఓపల్ కంటే గట్టిది కూడా.

గట్టిదనం నువ్వు నిజంగా ఆలోచించాల్సిన విషయం. రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలుస్తారు, వజ్రం పది, నీలం, కెంపు తొమ్మిది, టూర్మలిన్ ఏడు పైన. ఓపల్ ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువే ఏడు ఉంటుంది, అంటే మామూలుగా తుడిచినా ఓపల్ మీద గీతలు పడతాయి. ముత్యం ఇంకా మెత్తన, రెండున్నర నుంచి నాలుగున్నర. పగడం, ముత్యం రెండూ సున్నం జాతివి, చెమట, నిమ్మరసం, సెంటు వాటికి పడవు. కోవూరులో మా అమ్మమ్మ పగడం ఉంగరం రంగు వెలిస్తే ఒంట్లో బాగాలేనట్టే అనేది. చెమటకి పగడం మీద మెరుపు పోతుందని తర్వాత తెలిసింది, కానీ ఆవిడ రోజూ పొద్దున్నే ఆ ఉంగరం చూసుకుని, ఒంటి సంగతి కూడా చూసుకునేది, అది మాత్రం మంచి అలవాటే కదా.

ఓపల్‌లో ఇంకో సంగతి ఉంది, దానిలో కాస్త నీరుంటుంది. ఇసుకలో ఉండే సిలికానే చాలా చిన్న గోళాలుగా వరసగా పేరుకుని ఉంటుంది, ఆ వరసల్లో వెలుతురు చెదిరి రంగులు వస్తాయి. 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి ఇది కనిపెట్టారు. ఆస్ట్రేలియా ఓపల్‌కి నీళ్లు పడితే ఏమీ కాదు. కానీ ఇథియోపియాలో వెలో అనే చోట 2008 నుంచి దొరుకుతున్నవి నీళ్లు పీల్చుకుంటాయి, పీల్చుకున్నప్పుడు రంగులు మాయమై గాజులా అవుతాయి, ఆరాక మళ్లీ వస్తాయి. వీటిని జైపూర్‌లో చెక్కించి అమ్ముతారు, మన షాపుల్లో తరచుగా కనిపించేవి ఇవే. నువ్వు కొనేది ఏ దేశానిదో అడుగు. ఇథియోపియాదైతే తలంటు రోజు, పసుపు, నూనె, సున్నిపిండి దగ్గరికి రానివ్వకు, నూనె పీల్చిందంటే తియ్యడం కష్టం. పల్చటి ఓపల్ పొరని నల్లటి రాయి మీద అంటించినవి కూడా ఉంటాయి, పై నుంచి చూస్తే తేడా తెలీదు, పక్క నుంచి చూస్తే గీత కనిపిస్తుంది. అవి తప్పు కాదు, కానీ నీకు చెప్పి, ఆ ధరకే అమ్మాలి.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా చిన్నమ్మాయికి ఒక కెంపు ఉంగరం కొన్నాను. చాలా బాగుండేది, ఎర్రగా దానిమ్మగింజలా. రెండేళ్ల తర్వాత వేలికి బిగుతైందని సైజు పెంచమని వేరే ఆచారికి ఇస్తే, ఆయన వేడి తగిలించగానే రాయి మీద సాలెగూడులా పగుళ్లు వచ్చాయి. పగుళ్లున్న నాసిరకం కెంపులో గాజు నింపి అమ్మారు, ఎక్కడ కొన్నానో పేరు ఎందుకులే. బిల్లు మీద ‘కెంపు’ అని ఒక్క మాటే ఉంది, అడగడానికి నా దగ్గర ఆధారం లేదు. నాకు డబ్బు కంటే ఆ పిల్ల ముఖం చూడలేకపోవడమే బాధేసింది. అందుకని చెబుతున్నా, బంగారానికి ఉండే హాల్‌మార్క్ రాయికి వర్తించదు. రాయికి వేరే ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలి, దాని మీద రాయి పేరు, బరువు, సహజమా కాదా, వేడి, నూనె, గాజు వంటివి ఏమన్నా చేశారా అన్నీ ఉండాలి. బిల్లులో రాయి బరువు, బంగారం బరువు విడివిడిగా రాయించుకో, రాయిని కూడా బంగారంతో కలిపి తూకం వేస్తే ఒప్పుకోకు. బరువు క్యారట్లలో అడుగు, క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు, ఎక్కడైనా అంతే. రత్తి అంటే మాత్రం జాగ్రత్త. గురివింద గింజ ఎత్తు నుంచి వచ్చిన కొలత అది, ఒకరు 0.12 గ్రాములంటారు, ఇంకొకరు 0.18 అంటారు.

జాతకం చూసినాయన గురించి నా మాట కాస్త ఖచ్చితంగా ఉంటుంది. జాతకం చెప్పేవాళ్లు రాయి పేరు చెప్పడం వరకు సరే, రాయి కూడా ఆయనే ఇప్పిస్తాను, ఈఎంఐ కూడా ఆయనే మాట్లాడతాను అన్నాక ఇక అది జాతకం కాదు, అమ్మకం. ఏడాది పిల్ల జాతకం పేరు చెప్పి నీ చేత అప్పు చేయించడం నాకు నచ్చలేదు. నీ దగ్గర నలభై వేలున్నాయి, దాన్ని దాటకు. అందులో కూడా సగం మిగిలేలా చూసుకో.

నేనైతే ఇలా చేస్తాను. పాపకి ఉంగరం అసలు వద్దు, వేళ్లు నెలనెలా మారతాయి, రాయి ఊడితే నోట్లోకే. గొలుసు కూడా ఈ వయసులో మెడలో ఉంచి పడుకోబెట్టకూడదు. ఫొటోల కోసం పది నిమిషాలు వేసి తీసెయ్. చిన్న బంగారు లాకెట్‌లో, చుట్టూ అంచు ఎత్తుగా కట్టించి, ఓపల్ గానీ టూర్మలిన్ గానీ పొదిగించు. అది పదిహేనేళ్లు వచ్చాక తన ఇష్టానికి పెట్టుకుంటుంది. మీ అమ్మ మాట కూడా కాదనకు, లాకెట్‌కి కింద ఒక చిన్న ముత్యం వేలాడదీయించు, పెద్ద ఖర్చేం కాదు, అమ్మమ్మ, నానమ్మ ఇద్దరి మనసూ నిండుతుంది. మొలతాడు, నల్లపూసలు ఎలాగూ వేసి ఉంటారు, అవి చాలు దిష్టికి. ఎవరైనా పులిగోరు తెస్తే మాత్రం తీసుకోకు, అసలైనది దగ్గర ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఇక నీ నీలం సంగతి. షాపువాళ్ల పట్టికలో సెప్టెంబర్ రాయి అదే, పెట్టుకో! నీలం పడితే రాజుని చేస్తుంది, పడకపోతే బిచ్చగాణ్ణి చేస్తుందని నేనూ విన్నాను, మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని కలలు చూసి తేల్చుకోవాలనీ విన్నాను. మీ అమ్మ భయం అదే అయి ఉంటుంది, శనిదేవుడి రాయి కదా. కానీ అదే భయంతో తలగడ కింద రాయి పెట్టుకుని పడుకున్నవాళ్లకి మంచి కలలు ఎలా వస్తాయమ్మా? ఆ మూడు రోజుల్లో బస్సు తప్పినా, పాలు పొంగిపోయినా, పాపకి జలుబు చేసినా రాయి మీదికే పోతుంది. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం, కొరండం, క్రోమియం కాస్త కలిస్తే ఎరుపు, ఇనుము, టైటానియం కలిస్తే నీలం. ఎర్రదాన్ని ముద్దు చేసి నీలిదానికి భయపడటం రాయి తప్పు కాదు. 1981లో బ్రిటన్ యువరాణి డయానా నిశ్చితార్థపు ఉంగరంలో ఉన్నది పన్నెండు క్యారట్ల సిలోన్ నీలమే, ఆమె జీవితం చూసి చాలామంది ఆ రాయిని ఆడిపోసుకున్నారు. ఇప్పుడు అదే ఉంగరం కోడలు కేట్ వేలికుంది, సంసారం చేసుకుంటూనే ఉంది.

పాప లాకెట్ అయ్యాక మిగిలిన డబ్బులో చిన్నది, అర క్యారట్‌దైనా సరే, సర్టిఫికెట్‌తో తీసుకో. మీ అమ్మకి ముందే చెప్పు, దాచిపెట్టి కొనకు, వీలైతే ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు. షాపులో లైట్ల కింద అన్ని నీలాలూ మెరుస్తాయి. రాయిని పట్టుకుని గుమ్మం దాకా రా, పగటి వెలుతురులో నీ వేలి మీద పెట్టి చూసుకో. కొంతమంది బయటికి తీసుకెళ్లనివ్వరు, అలాంటి చోట కొనకు.